పులి కావాలా, సీతాకోకచిలుక కావాలా?

మన హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో నెలకోసారైనా ఒక మెసేజ్ తిరుగుతుంది. "ఆదివారం బర్త్‌డే పార్టీకి ఫేస్ పెయింటర్స్ కావాలి. డ్రాయింగ్ వస్తే చాలు. 1500 రూపాయలు, భోజనం ఫ్రీ. రంగులు మేమే ఇస్తాం." చూసే ఉంటారు. సెకండియర్‌లో ఆ మెసేజ్‌కి నేనూ చెయ్యెత్తాను. ఇప్పుడు ఫైనలియర్. ఈ రెండేళ్ళలో నా నోటుబుక్కు లెక్క ప్రకారం తొమ్మిది వందల పైచిలుకు మొహాలకి రంగు వేశాను. బర్త్‌డేలు, అపార్ట్‌మెంట్ సంక్రాంతి సంబరాలు, బాలల దినోత్సవాలు, గుడి దగ్గర అన్నదానం రోజు పిల్లల్ని ఆడించడానికి పెట్టిన స్టాల్, క్రికెట్ మ్యాచ్ పెద్ద స్క్రీన్ మీద వేసినప్పుడు బుగ్గల మీద చారలు, అన్నీ.

ఆ మెసేజ్‌లో రెండు ముక్కలు నమ్మొద్దు. ఒకటి "డ్రాయింగ్ వస్తే చాలు". రెండోది "రంగులు మేమే ఇస్తాం". మొదటిది నమ్మితే మీ పరువు పోతుంది, అంతే. రెండోది నమ్మితే ఏమవుతుందో నాకు తెలుసు. అది చెప్పడానికే ఈ వ్యాసం.

నా మొదటి పని విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. ఈవెంట్ మేనేజర్ ఒక అట్టపెట్టె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అందులో స్కూలు పిల్లలు వాడే పోస్టర్ కలర్ సీసాలు, నాలుగు బ్రష్‌లు, ఒకే ఒక్క స్పాంజి. సీసా మీద "నాన్ టాక్సిక్" అని ఉంది. నేను దాన్ని చదివి ధైర్యం తెచ్చుకున్నాను కూడా. ఆ రోజు 28 మంది పిల్లలు. ఒక గ్లాసు నీళ్ళు, ఒక స్పాంజి, 28 మొహాలు. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ నవ్వుకుంటూ ఫొటోలు దిగారు. కొందరు పేరెంట్స్ నా నంబర్ అడిగి తీసుకున్నారు. బస్సులో వెనక్కి వస్తూ 1500 ఎలా ఖర్చు పెట్టాలో ఆలోచించుకుంటున్నాను.

మర్నాడు పొద్దున ఫోన్. "ఏమ్మా, నిన్న మా పాపకి సీతాకోకచిలుక వేశావు కదా. ఒకసారి ఫొటో పెడతాను, చూడు." చూశాను. రంగు కడిగేశారు, బొమ్మ పోయింది. కానీ దాని అచ్చు ఉండిపోయింది. రెండు రెక్కలు, చుట్టూ గీత, బుగ్గ మీద చుక్కలు, నేను ఎక్కడ బ్రష్ పెట్టానో అక్కడల్లా ఎర్రగా పొంగి ఉంది. కళ్ళు రెండూ వాచి సగం మూసుకుపోయాయి. పాపకి ఐదేళ్ళు.

ఈవెంట్ మేనేజర్‌కి ఫోన్ చేశాను. "పిల్లల చర్మం అంతే, రెండ్రోజుల్లో తగ్గిపోద్ది. నువ్వేం మాట్లాడకు, నా నంబర్ ఇవ్వకు" అన్నాడు. తర్వాత ఎత్తలేదు. మధ్యాహ్నం నేనే వాళ్ళింటికి వెళ్ళాను, నా 1500 కవర్లో పెట్టుకుని. ఆ తల్లి నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది. "డబ్బులొద్దమ్మా. నువ్వు ఏం పూశావో అది చెప్పు. స్కిన్ డాక్టర్ అడుగుతున్నారు" అంది.

నా దగ్గర జవాబు లేదు. సీసా మీద రంగు పేరు, కంపెనీ పేరు తప్ప ఇంకేమీ లేవు. 28 మంది పిల్లల మొహాలకి ఏం పూశానో నాకు తెలీదు. కాంటాక్ట్ డెర్మటైటిస్ అని మందు రాశారు. నాలుగైదు రోజులకి తగ్గింది. కానీ "ఏం పూశావో చెప్పు" అన్న మాట మాత్రం నాతోపాటే వచ్చేసింది. తర్వాత నేను నేర్చుకున్నదంతా ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే.

ముందు ఆ "నాన్ టాక్సిక్" సంగతి. ఆర్ట్ రంగుల మీద ఈ మాటతోపాటు ఒక్కోసారి ఏఎస్‌టీఎమ్ డి-4236 అని ఉంటుంది. అది బొమ్మలు వేసుకునే సామగ్రికి పెట్టే లేబుల్ ప్రమాణం. కాగితం మీద వాడితే, మామూలుగా వాడితే ప్రమాదమా కాదా అన్నదే దాని లెక్క. ఐదేళ్ళ పిల్ల కనురెప్ప మీద మూడు గంటలు ఉంచితే ఏమవుతుందన్నది దాని లెక్కలో లేదు. నీళ్ళలో కలిపిన రంగు పాడవకుండా ఉండటానికి ప్రిజర్వేటివ్ వేస్తారు. ఐసోథియాజోలినోన్లు అనే జాతి ప్రిజర్వేటివ్‌లు వాటర్ బేస్డ్ పెయింట్లలో మామూలే. చర్మానికి ఎలర్జీ తెప్పించడంలోనూ వాటికి మంచి పేరే ఉంది. అక్రిలిక్ రంగు ఇంకా కష్టం. మన చర్మం కొద్దిగా ఆమ్ల గుణంతో, పీహెచ్ దాదాపు 5 దగ్గర ఉంటుంది. అక్రిలిక్ ఎమల్షన్ క్షార గుణంతో ఉంటుంది. పైగా అది ఆరాక ప్లాస్టిక్ పొరలా గట్టిపడుతుంది, నీళ్ళకి కరగదు. పిల్ల మొహం మీంచి దాన్ని గోకి తీయాలి. ఫెవిక్రిల్‌తో మొహాలకి రంగు వేసే స్టాల్ నేను కళ్ళారా చూశాను. తప్పు ఫెవిక్రిల్‌ది కాదు, అది గుడ్డ మీదా కుండ మీదా వేసుకోమని తయారుచేసింది.

మొహానికి వేసే రంగు మన చట్టం దృష్టిలో కాస్మెటిక్. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందకి వస్తుంది, ఇప్పుడు దానికి 2020 కాస్మెటిక్స్ రూల్స్ ఉన్నాయి. ఏ రంగు పదార్థాలు వాడొచ్చో బీఐఎస్ వాళ్ళ ఐఎస్ 4707లో జాబితా ఉంటుంది. రంగుల్లో సీసం 20 పీపీఎమ్, ఆర్సెనిక్ 2 పీపీఎమ్ దాటకూడదు. ఇవన్నీ మనం ల్యాబ్‌లో పరీక్షించి చూడలేం కదా. చూడగలిగింది డబ్బా వెనక వైపు. ఇక్కడ తయారైనదైతే తయారీ లైసెన్స్ నంబర్, దిగుమతైతే ఇంపోర్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, రెండిట్లోనూ బ్యాచ్ నంబర్, గడువు తేదీ, ఏమేం కలిపారో ఆ జాబితా. ఇవి లేని డబ్బా నేను మూత కూడా తియ్యను. బెర్లిన్‌లో 1945లో మొదలైన క్రయొలాన్ లాంటి కంపెనీలు నాటకాలకీ సినిమాలకీ చేసే నీటి రంగులు ఇక్కడా దొరుకుతాయి. ఖరీదే. నా మొదటి మంచి కిట్‌కి నాలుగు వేల పైనే అయింది. మూడు పార్టీల డబ్బు అటే పోయింది.

ఆ డబ్బాలో ఏముంటుందో తెలిస్తే అది ఎలా ప్రవర్తిస్తుందో అర్థమవుతుంది. ఎండిన బిళ్ళలా ఉంటుంది, తడి బ్రష్ రాస్తే కరిగి వస్తుంది. రంగుకి ఐరన్ ఆక్సైడ్లు, తెలుపుకి టైటానియం డయాక్సైడ్, పట్టుకుని ఉండటానికి తుమ్మబంక లాంటి జిగురు, సాగడానికి గ్లిజరిన్, కొంచెం మైనం, ఒళ్ళు నిండటానికి టాల్క్ లాంటి పొడి. కంపెనీని బట్టి గ్లిజరిన్ ఎక్కువా, మైనం ఎక్కువా అన్నది మారుతుంది. గ్లిజరిన్ గాలిలో తేమని లాక్కుంటుంది. అందుకే అది ఎక్కువున్న రంగు మే నెలలో విజయవాడలో సెల్లార్‌లో ఆరనే ఆరదు. చెమట పట్టిందంటే పులి చారలు మెడ దాకా జారతాయి. మైనం ఎక్కువున్నది కొంచెం మొండిది గానీ వేడికి నిలబడుతుంది. ఏ పుస్తకంలోనూ చదివి కాదు, ఒక వేసవిలో పదకొండు మంది స్పైడర్‌మ్యాన్‌లు నా కళ్ళ ముందే కరిగిపోయాక తెలుసుకున్నాను.

ఇక వేయడం. ఇది నాకు నేర్పింది యూట్యూబ్ కాదు. మాది తెనాలి. మా వీధి చివర పద్యనాటకాలకి మేకప్ వేసే ఒక పెద్దాయన ఉంటారు, అందరం తాత అనే పిలుస్తాం. పాప మొహం వాచిన సంగతి చెప్పుకోవడానికి మొదట వెళ్ళింది ఆయన దగ్గరికే. ఆయన నవ్వి, "మా కాలంలో అర్దళం పూసుకునేవాళ్ళమే" అన్నారు. అర్దళం అంటే మీకు కెమిస్ట్రీలో తెలుసు, పేరే తెలీదు: ఆర్సెనిక్ ట్రైసల్ఫైడ్. మంచి పసుపు. కూచిపూడి భాగవతులు, వీధినాటకాల వాళ్ళు మొహానికి వాడిన రంగు అదే. ఎరుపుకి ఇంగిలీకం, అంటే మెర్క్యురిక్ సల్ఫైడ్. చట్టంలో ఆర్సెనిక్‌కి 2 పీపీఎమ్ అని ఎందుకు రాశారో నాకు ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. పులివేషాల సంగతీ చెప్పారు. దసరాకీ పీర్ల పండక్కీ ఒళ్ళంతా ఎనామెల్ పెయింట్ పూసుకుని డప్పుకి ఆడేవాళ్ళట. రాత్రికి కిరసనాయిల్‌తో తుడిచేవాళ్ళట. "రెండ్రోజులు ఒళ్ళు మంట. మళ్ళీ ఏడు మళ్ళీ పూసేవాళ్ళం. మాకెవరు చెప్పారు? నీకు చెప్పడానికి నలుగురున్నారు, నేర్చుకో" అన్నారు.

ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ముందు కాగితం మీద మొహం గీయమన్నారు. అందరిలాగే కళ్ళు పైన పెట్టాను. కొలిచి చూపించారు: కళ్ళు తల మధ్యలో ఉంటాయి, పైన కాదు. పిల్లల్లో నుదురు ఇంకా పెద్దది, బుగ్గ గుండ్రం, ముక్కు దూలం దాదాపు ఉండదు. అందుకని పెద్దవాళ్ళ మొహం మీద బావున్న పులి పిల్లల మొహం మీద పిల్లి అవుతుంది. పిల్లల మొహంలో మీకు దొరికే స్థలమంతా నుదురే, బుగ్గలే. బొమ్మని అక్కడికి తెచ్చుకోవాలి.

పులి ఎలా వేస్తానో చెప్తాను, మిగతావన్నీ అందులోంచే వస్తాయి. స్పాంజిని తడిపి గట్టిగా పిండాలి. తడి ఎక్కువైతే రంగు పారుతుంది. మొదటి తప్పు అందరూ ఇక్కడే చేస్తారు. ముందు లేత రంగు: నుదుటి మధ్య, ముక్కు, బుగ్గల లోపలి భాగం పసుపు. తర్వాత అంచుల్లో నారింజ, పసుపులోకి అద్దుకుంటూ. రుద్దకూడదు, అద్దాలి. కనుబొమల పైన, మూతి రెండు వైపులా తెలుపు. తెలుపుని ముందే వేస్తే మిగతావి అందులో కలిసి పాలకోవా రంగులోకి తిరుగుతాయి, అందుకని చివర. ఇది ఆరడానికి అరనిమిషం. ఈలోపు "పులి పేరేంటి" అని అడగాలి. తర్వాత నలుపు. చారలు మొహం అంచున లావుగా మొదలై ముక్కు వైపు సన్నబడుతూ రావాలి. బ్రష్‌ని నొక్కి పెట్టి, లాగుతూ ఎత్తేయాలి. కన్నీటి బొట్టు ఆకారం వస్తుంది. ఈ ఒక్క గీత రాత్రుళ్ళు మోచేతి మీద వెయ్యి సార్లు వేయండి. పులి చార అదే, సీతాకోక రెక్క అంచు అదే, పువ్వు రేకు అదే, స్పైడర్‌మ్యాన్ కంటి మూల కూడా అదే. "డ్రాయింగ్ వస్తే చాలు" అన్నవాళ్ళకి చెప్పేదేంటంటే, పెన్సిల్ డ్రాయింగ్‌లో రబ్బరు ఉంటుంది. ఇక్కడ కాగితం కదులుతుంది, తుమ్ముతుంది, చక్కిలిగిలి అని ముడుచుకుపోతుంది.

"కళ్ళు మూసుకో" అనకండి. పిల్లలు గట్టిగా బిగించి మూస్తారు, రెప్ప మీద ముడతలు పడతాయి, కళ్ళు తెరిచాక మీ గీత మూడు ముక్కలవుతుంది. "నిద్రపోతున్నట్టు నటించు, నాకు తెలీకూడదు" అనండి. మెత్తగా మూస్తారు. పెదాలకి రంగు వేయను, ఎలాగూ కేక్‌తోపాటు లోపలికే పోతుంది. తల పట్టుకునే ముందు "నీ గడ్డం పట్టుకోనా?" అని అడుగుతాను. చాలామంది పెద్దవాళ్ళకి ఇది విచిత్రంగా ఉంటుంది, చిన్నపిల్లని అడగడమేంటని. కానీ తెలీని మనిషి మొహం మీద చెయ్యి పెడితే మీరైనా వెనక్కి జరుగుతారు. అడిగితే వాళ్ళే మెడ ముందుకు చాపుతారు.

ఇప్పుడు క్యూ. ఇది మన సబ్జెక్టే కాబట్టి కాస్త ఆగుతాను. పూర్తి మొహానికి నాకు ఐదు నిమిషాలు, కూర్చోబెట్టి అద్దం చూపించి దించడానికి ఇంకొకటి. అంటే గంటకి 10 మంది. పార్టీ రెండు గంటలు, పిల్లలు 35 మంది. 210 నిమిషాల పని 120 నిమిషాల్లో అవ్వదు. ఇది తెలియడానికి థియరీ అక్కర్లేదు. థియరీ పనికొచ్చేది ఎక్కడంటే, లిటిల్స్ లా గుర్తుందా, ఎల్ ఈక్వల్స్ లాంబ్డా డబ్ల్యూ. గంటకి 10 మంది చొప్పున పని అవుతూ లైన్లో ఎప్పుడూ 12 మంది ఉంటే ఒక్కొక్కరూ సగటున 72 నిమిషాలు నిలబడాలి. నాలుగేళ్ళ పిల్లాడు 72 నిమిషాలు నిలబడడు. నెడతాడు, ఏడుస్తాడు, వాళ్ళమ్మ వచ్చి "మా వాడికి ముందు వేసెయ్యమ్మా, తొందరగా వెళ్ళాలి" అంటుంది. ఆమె వెనకే ఇంకో ఆరుగురు అమ్మలు.

నేను చేసేది ఇది. పార్టీ మొదలయ్యే ముందే బర్త్‌డే పిల్లకి వేసేస్తాను. మిగిలిన రెండు గంటల్లో మొదటి గంటలో రెండున్నర నిమిషాల చిన్న బొమ్మలు, బుగ్గ మీద నెమలీక, నక్షత్రం, గాలిపటం, 24 మందికి. తర్వాత ఓపికున్న 10 మందికి పూర్తి మొహాలు. మొత్తం 35. లైన్ పెట్టను. గవర్నమెంట్ ఆస్పత్రి ఓపీలో ఇచ్చినట్టు చీటీ మీద నంబర్ రాసిస్తాను. పిల్లలు వెళ్ళి ఆడుకుంటారు, నంబర్ పిలిస్తే వస్తారు. బొమ్మలు ఆరే ఉంటాయి, అట్ట మీద అంటించి పెడతాను. "నీకేం కావాలి?" అని అడిగితే ఒకడు "డైనోసార్ మీద కూర్చున్న బాలయ్య" అన్నాడు. ఆ రోజునుంచి "పులి కావాలా, సీతాకోకచిలుక కావాలా?" అనే అడుగుతాను. మగపిల్లాడు సీతాకోకచిలుక అంటే సీతాకోకచిలుకే వేస్తాను. ఈ విషయంలో ఒక నాన్నగారితో గొడవైంది. పిల్లాడు గెలిచాడు.

శుభ్రత గురించి ఎవరూ అడగరు, అందుకే మనమే పట్టించుకోవాలి. పిల్లకో స్పాంజి. పెద్ద స్పాంజిల్ని ముక్కలుగా కోసుకుని నలభై తీసుకెళ్తాను, వాడినవన్నీ ఒక సంచిలోకి, రాత్రికి సబ్బుతో ఉడుకు నీళ్ళలో ఉతికి ఆరబెట్టడం. బ్రష్ కడగడానికి రెండు గ్లాసులు, ఒకటి మురికిది, ఒకటి మంచిది, పది మందికోసారి మార్చాలి. తడి రంగుబిళ్ళని డబ్బాలో పెట్టి మూస్తే బూజు పడుతుంది, తెరిచి ఆరనిచ్చి మూయాలి. మెరుపులు వేయమంటారు. స్టేషనరీ షాపులో దొరికే గ్లిట్టర్ వేయకండి, అది ముక్కలు పెద్దవి, అంచులు పదును, కంట్లో పడితే గీస్తుంది. కాస్మెటిక్ గ్లిట్టర్ వేరే ఉంటుంది, అది కూడా కంటికి దూరంగా. నియాన్ రంగులు మొహానికి నేను వాడను. "బ్లాక్ మెహందీ" అని అడిగేవాళ్ళుంటారు. నల్లటి మెహందీలో పీపీడీ కలుపుతారు, జుట్టు రంగులో ఉండేదే. అది చర్మం మీద కాలినట్టు బొబ్బలు తెప్పించగలదు. వద్దని చెప్పి గోరింటాకు ఆరెంజ్‌గానే పండుతుందని గుర్తుచేస్తాను.

ఇంతకంటే కష్టమైన పని "నీకు వేయను" అని చెప్పడం. మూడేళ్ళ లోపు పిల్లలకి వేయను. కళ్ళకలక ఉన్నా, మూతి దగ్గర పుండున్నా, గజ్జి, ఎగ్జిమా, దెబ్బ ఉన్నా వేయను. స్టాల్ దగ్గర చేతి మీద చుక్క పెట్టి ఐదు నిమిషాలు చూస్తే చాలని కొందరంటారు. మండే రకం రంగయితే అప్పుడే తెలుస్తుంది, నిజమే. కానీ ఎలర్జీ బయటపడటానికి ఒకరోజు, రెండ్రోజులు కూడా పట్టొచ్చు. ఆ పాప సాయంత్రం నవ్వుతూ వెళ్ళింది, పొద్దునకి కళ్ళు మూసుకుపోయాయి. అందుకని ముందురోజే పార్టీ ఇచ్చేవాళ్ళతో చెప్పి, అనుమానం ఉన్న పిల్లలుంటే మోచేతి లోపల చుక్క పెట్టి చూడమని చిన్న డబ్బాలో రంగు పంపిస్తాను. అందరూ చేయరు. స్టాల్ దగ్గర మాత్రం ప్రతి తల్లినీ ఒక మాట అడుగుతాను: "సబ్బు మారితే, క్రీమ్ మారితే పాపకి దద్దుర్లు వస్తాయా అండీ?" "ఎలర్జీ ఉందా" అంటే అందరూ లేదనే అంటారు. ఇలా అడిగితే "ఆఁ, అదేదో పౌడర్ పడలేదు" అని గుర్తొస్తుంది. వేయలేనివాళ్ళకి గాలిపటం కాగితం మీద వేసి సేఫ్టీపిన్‌తో చొక్కాకి పెడతాను. కొందరు ఏడుస్తారు. ఏడవనిస్తాను.

ఇంకోరకం ఏడుపుంది. పిల్లకి ఇష్టం లేదు, తల్లిదండ్రులకి ఫొటో కావాలి. ఇద్దరు పట్టుకుని కూర్చోబెడతారు. నేను బ్రష్ కింద పెట్టేస్తాను. "నువ్వు వేయమ్మా, అదే ఊరుకుంటుంది" అంటారు. ఊరుకోదు. ఒకావిడైతే "ఎలాగూ వేస్తున్నావు కదా, కాస్త తెల్లగా కనపడేలా పూయి" అంది, ఏడేళ్ళ పిల్ల ముందే. ఆ పిల్ల నల్లగా నిగనిగలాడుతోంది. అలాంటి చర్మం మీద పసుపు, తెలుపు గీతలు ఎంత బాగా పలుకుతాయో వేసినవాళ్ళకే తెలుసు. తెల్లటోళ్ళ వీడియోలు చూసి నేర్చుకున్న లేత గులాబీలు మన మీద బూడిదలా కనపడతాయి, ముదురు రంగులే తీసుకోవాలి. ఆ పిల్లకి అడుగు రంగే వేయకుండా చర్మం మీదే బంగారు రంగు నెమలి వేశాను. వాళ్ళమ్మ ఏమీ అనలేదు. పిల్ల అద్దం వదల్లేదు.

కడగడం ఎలాగో ప్రతి ఇంటికీ చెప్పి రావాలి. తడి టిష్యూతో రుద్దితే రంగు చర్మంలోకి ఇంకా పాకుతుంది. ముందు సబ్బు నురగ చేతిలో చేసుకుని మొహానికి పట్టించి, ఆగి, నీళ్ళతో కడగాలి. మైనం రంగు వదలకపోతే కొబ్బరినూనె రాసి దూదితో తీసి మళ్ళీ సబ్బు. ఎరుపు, నీలం కొంచెం మరకలా ఒక రాత్రి ఉండొచ్చు. అది ముందే చెప్పకపోతే పొద్దున్నే మీకు ఫోన్ వస్తుంది.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను, బాధే తప్ప విశేషం లేదు. ఈవెంట్ మేనేజర్ మనకి 1500 ఇస్తే పార్టీవాళ్ళ దగ్గర ఎంత తీసుకుంటాడో మీరే ఊహించుకోండి. ఇచ్చేది కూడా "నెక్స్ట్ ఈవెంట్‌కి కలిపి ఇస్తా". ఇప్పుడు నేను నేరుగా వెళ్తాను, గంటకి 900, సగం ముందు. రంగులు నావే, ఈ మాట మీద బేరం లేదు. ఈ మాట వల్లే చాలా పనులు పోతాయి.

పోయిన నెల కూడా పోయింది. ఒక కమ్యూనిటీ మేళా, మూడు గంటలు, 2500. రంగులు వాళ్ళే ఇస్తామన్నారు. ఫొటో పంపమన్నాను. పంపారు. అవే పోస్టర్ కలర్ సీసాలు. నా రంగులతోనే వేస్తానన్నాను. "నీ రంగులకి ఎక్స్‌ట్రా ఇవ్వం" అన్నారు. ఎక్స్‌ట్రా అడగలేదని చెప్పాను. "అయితే మా రంగులకేమైంది?" అని కోపం వచ్చింది. వేరేవాళ్ళని చూసుకుంటామన్నారు. చూసుకున్నారు కూడా, మన కాలేజీలోనే. సెకండియర్ అమ్మాయి, సివిల్. నా రూముకి రెండు రూముల అవతలే ఉంటుంది. శనివారం రాత్రి వచ్చి "అక్కా, సీతాకోకచిలుక ఎలా వేస్తారు?" అని అడిగింది. వాళ్ళెవరో ఆమె చెప్పేవరకూ నాకు తెలీదు.

వెళ్ళొద్దని చెప్పలేకపోయాను. 2500 అంటే ఆ అమ్మాయికి నెల మెస్ బిల్లులో ఎంతో నాకు తెలుసు. పదకొండింటి దాకా మోచేతుల మీద గీతలు గీయించాను. నా పాత కిట్టు, ముప్పై స్పాంజి ముక్కలు, రెండు గ్లాసులు, చీటీల కట్ట సంచిలో పెట్టిచ్చాను. వాళ్ళ సీసాల్ని బల్ల కింద పెట్టేయమన్నాను, వేసేటప్పుడు ఎవరూ వచ్చి చూడరు. ఆ కిట్టు మూత లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏ బిళ్ళలో ఏమేం ఉన్నాయో డబ్బా వెనక చూసి తెలుగులో రాసుకున్న జాబితా. ఎవరైనా అడిగితే చదివి చెప్పు అన్నాను.

ఆదివారం సాయంత్రం ఏడింటికి మెసేజ్ పెట్టింది. "31 మొహాలు అక్కా. చేతులు పడిపోయాయి. ఒకళ్ళు అడిగారు, చదివి చెప్పాను."